పది గుంటల్లో ఏడాది పొడవునా సేంద్రియ కూరగాయలు: బెంగళూరు శివారు రైతుకు పని వరస

హోస్కోటె, మాలూరు, సర్జాపుర, ఆనేకల్, దేవనహళ్ళి వైపు కొద్దిపాటి నేల కొనుక్కునో కౌలుకు తీసుకునో కూరగాయలు పండించి అమ్ముదామనుకునే తెలుగువాళ్ళు పదే పదే అడుగుతున్నది ఒకటే: "ముందు ఏం చేయాలి, ఆ తర్వాత ఏం చేయాలి?" ఆ వరస ఇక్కడ రాస్తున్నాం. లెక్కలన్నీ పది గుంటలకు వేసినవి. గుంట అంటే 1,089 చదరపు అడుగులు. పది గుంటలంటే పావు ఎకరం, సీమ లెక్కలో 25 సెంట్లు.

చాలామంది విత్తనాల పొట్లాలు కొనడంతో మొదలుపెడతారు. నిజానికి విత్తనం ఆరో పని. దానికి ముందు అమ్మకం, నీళ్ళు, నేల, ఎరువు, మడులు ఉన్నాయి. వీటిలో ఎరువు ఒక్కటే మూడు నెలలు పడుతుంది. జూన్ వానలకు విత్తాలంటే మార్చి మొదట్లోనే ఎరువు దిబ్బ వేసి ఉండాలి.

1. ఎవరికి, ఎంత అమ్ముతారో ముందు రాసుకోండి

పది గుంటల నుంచి ఎంత వస్తుందో ముందు మనసులో స్థిరపడాలి. ఇందులో 50 అడుగుల పొడవు, 3.5 అడుగుల వెడల్పున్న మడులు 32 పడతాయి (కట్టే పద్ధతి నాలుగో పనిలో ఉంది). మడి బాగా కుదిరితే ఒక పంటకు సగటున 20 కిలోలు, ఏడాదికి నాలుగైదు పంటలు. 32 మడులకు లెక్కేస్తే వారానికి 55 కిలోల దగ్గర ఆగుతుంది. అదీ చేయి తిరిగాక. మొదటి ఏడాది 12 ఇళ్ళకు మించి మాట ఇవ్వకండి. ఇంటికి వారానికి 3 కిలోల కూరగాయలు, 4 కట్టల ఆకుకూర అనుకుంటే 36 కిలోలు, 48 కట్టలు.

మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్, సర్జాపుర రోడ్డు అపార్ట్‌మెంట్లలో మనవాళ్ళు వెతుక్కునేవి వేరు. గోంగూర, చుక్కకూర, బచ్చలి, బీర, దొండ, పచ్చ దోసకాయ, డిసెంబరు, జనవరిల్లో అనపకాయలు (చిక్కుడు జాతివి, కన్నడంలో అవరెకాయి). ఇవి తాజాగా దొరకక వాళ్ళు ఇబ్బంది పడతారు కాబట్టి కొత్త రైతుకు ఇవే మంచి దారి. క్యాబేజీ, బంగాళాదుంపల్లో పెద్ద మార్కెట్ ధరతో పోటీపడటం చిన్న రైతుకు కష్టం.

పక్కింటి కన్నడవాళ్ళూ కొంటారు కనుక ధరల పలకమీద రెండు పేర్లూ రాయండి: గోంగూర పక్కన పుండి సొప్పు, సోయికూర పక్కన సబ్బసిగె సొప్పు, తోటకూర పక్కన దంటు సొప్పు.

కౌలుకు తీసుకునేవాళ్ళు కనీసం నాలుగైదేళ్ళ ఒప్పందం రాయించుకోవాలి. నేలను సేంద్రియానికి మార్చడానికే రెండేళ్ళు పోతాయి. ఏడాది కౌలుకు ఇంత ఎరువు పోయడం దండగ.

2. నీళ్ళు, నేల: నాలుగు పరీక్షలు

*బోరు నీళ్ళు ఎన్ని?* 20 లీటర్ల క్యాన్ పైపు కింద పెట్టి ఎన్ని సెకన్లలో నిండుతుందో చూడండి. 40 సెకన్లయితే గంటకు 1,800 లీటర్లు. మార్చి, ఏప్రిల్ ఎండల్లో ఒక్కో మడికి రోజుకు 80 నుంచి 90 లీటర్లు కావాలి. 32 మడులకు దాదాపు 2,900 లీటర్లు. అంటే ఆ బోరు రోజూ గంటన్నరకు పైగా ఆడాలి. కరెంటు ఎప్పుడు వస్తుందో తెలియని చోట 5,000 లీటర్ల తొట్టి తప్పనిసరి. ఈ లెక్క వేసవిలోనే వేయాలి. అక్టోబరులో చూసిన బోరును నమ్మి పంట వేస్తే ఏప్రిల్‌లో ఎండబెట్టుకుంటారు.

*నీళ్ళు ఎలాంటివి?* నీళ్ళలో ఉప్పు ఎంతుందో చెప్పే కొలతను ఈసీ (విద్యుత్ వాహకత, dS/m లెక్కలో) అంటారు. అది 0.75 లోపు ఉంటే నిశ్చింత. 2.25 దాటితే బీన్స్, క్యారెట్, ట్రేలలోని నారు తట్టుకోలేవు. నగరం మురుగు కలిసే కాలువ నీళ్ళు ఆకుకూరలకు వద్దే వద్దు. సీసం, కాడ్మియం లాంటివి ఆకుల్లో పోగవుతాయి.

*నేల పరీక్ష.* పొలంలో ఎనిమిది చోట్ల పైనున్న చెత్త గీకేసి, జానెడు లోతున V ఆకారంలో గుంత తీయండి. ఆ మట్టి పక్కన పారేసి, గుంత పక్క గోడ నుంచి పైనుంచి కిందిదాకా ఒకే మందాన చెక్కు తీయండి. అన్నీ కలిపి అరకిలో నీడన ఆరబెట్టి జీకేవీకేలోనో (బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం), దొడ్డబళ్ళాపుర దగ్గర హాడోనహళ్ళి కృషి విజ్ఞాన కేంద్రంలోనో ఇవ్వండి. పీహెచ్ (నేల పులుపు, చవుడు కొలత), సేంద్రియ కర్బనంతో పాటు జింకు, బోరాన్ కూడా చూడమని అడగండి. ఇక్కడి ఎర్ర నేలల్లో ఈ రెండూ తరచూ తక్కువగా ఉంటాయి. పీహెచ్ 6 కంటే తక్కువ వస్తే సున్నం ఎంత వేయాలో ల్యాబువాళ్ళే చెబుతారు. ఊహించి చల్లకండి.

*గట్టి పొర.* మంచి వాన పడిన మర్నాడు సన్నటి ఇనప చువ్వను చేత్తో నేలలోకి నొక్కండి. ఆరేడు అంగుళాల దగ్గర టక్కున ఆగిందంటే ఏళ్ళ తరబడి రొటావేటర్ తిప్పిన నేల అది. దాని కింద వేరు దిగదు, పైన నీరు నిలుస్తుంది. మడి కట్టేటప్పుడు దీన్ని ఒక్కసారి పగలగొట్టుకోవాలి.

3. ఎరువు దిబ్బ: విత్తడానికి 90 రోజుల ముందు

మొదటి సారి ఒక్కో మడికి 40 కిలోల మాగిన ఎరువు పడాలి. 32 మడులకు సుమారు 1,300 కిలోలు. ఆపైన ప్రతి కొత్త పంటకూ 12 కిలోల చొప్పున ఏడాదికి మరో 1,500. మాగేసరికి దిబ్బ సగానికి దిగుతుంది కాబట్టి ఏడాదికి ఆరు టన్నుల దాకా పచ్చి సరుకు సమకూర్చుకోవాలి. ఎక్కువమంది సేంద్రియ సాగు దెబ్బతినేది ఇక్కడే. ఎరువు చాలక మొక్క పాలిపోతే ద్రావణాల మీద ద్రావణాలు కొట్టుకుంటూ పోతారు.

దిబ్బ వేసే పద్ధతి:

- పొడవు 5 అడుగులు, వెడల్పు 5 అడుగులు, ఎత్తు 4 అడుగులు. ఇంతకంటే చిన్నదైతే వేడెక్కదు.
- రెండు మూడు తట్టల ఎండు సరుకుకు (రాలిన ఆకులు, రాగి గడ్డి, ముక్కలు చేసిన చొప్ప) ఒక తట్ట పచ్చి పేడో, పచ్చి కలుపో. పొరలు పొరలుగా, ప్రతి పొరా తడుపుతూ.
- గుప్పెడు తీసి గట్టిగా పిండితే వేళ్ళ సందున ఒకటి రెండు చుక్కలు కనిపించాలి. ధార కారితే తడి ఎక్కువ, ఏమీ రాకపోతే తక్కువ.
- 7, 14, 21, 35 రోజులకు తిరగేయాలి. బయటిది లోపలికి, లోపలిది బయటికి.

దిబ్బ పనిచేస్తోందా లేదా అనేది గునపంతో తెలుస్తుంది. మధ్యలో గుచ్చి పది నిమిషాలు ఉంచి లాగండి. లోపలున్న భాగాన్ని అరచేత్తో పట్టుకుని ఉండలేకపోతే వేడి 60 డిగ్రీల చుట్టుపక్కల ఉంది. కలుపు విత్తనాలు, రోగక్రిములు చచ్చే వేడి అది. గోరువెచ్చగా ఉంటే పేడ తక్కువైందో, తడి చాల్లేదో. అమ్మోనియా ఘాటు కొడితే పేడ ఎక్కువైంది, ఎండు ఆకు కలపండి. కుళ్ళు వాసన వస్తే గాలి అందడం లేదు, వెంటనే తిరగేయండి.

బయట నుంచి కొన్న ఎరువును ఈ పరీక్ష చేయకుండా మడిలో వేయకండి. రెండు కుండీలు తీసుకోండి. ఒకదానిలో సగం మట్టి, సగం ఆ ఎరువు. రెండోదానిలో ఉత్త మట్టి. రెండింట్లోనూ నాలుగేసి బీన్స్ గింజలు పెట్టి రెండు వారాలు చూడండి. ఎరువు కుండీలో మాత్రం ఆకులు దొన్నెల్లా ముడుచుకుని, కొసలు మెలి తిరిగితే ఆ పశువులు తిన్న గడ్డిమీద కలుపు మందు కొట్టారన్నమాట. అలాంటి ఎరువు ఒక ట్రాక్టర్ లోడు వేస్తే టమాటా, చిక్కుడు జాతులు నెలల తరబడి కోలుకోవు. పెద్ద ఫారాల కోళ్ళ ఎరువు సేంద్రియ ప్రమాణాలకు సరిపడదు, ఉప్పూ ఎక్కువ.

ఎరువుకు ట్రైకోడెర్మా (వేరు తెగుళ్ళను అణచే మేలు శిలీంద్రం) పట్టించడం మరవద్దు. 90 కిలోల మాగిన ఎరువు, 10 కిలోల వేప పిండి, 2 కిలోల ట్రైకోడెర్మా పొడి కలిపి, తడి చల్లి, నీడన గోనె పట్టాలు కప్పండి. మూడు నాలుగు రోజులకోసారి కలియబెడితే రెండు వారాల్లో పైన తెల్లటి, ఆకుపచ్చటి బూజు తిరుగుతుంది. దాన్ని మడికి 3 కిలోల చొప్పున వేసుకోండి.

జీవామృతం సంగతి. ఎకరానికి చెప్పే 200 లీటర్ల కొలతలో పది గుంటలకు పావు వంతు చాలు: 50 లీటర్ల నీళ్ళు, 2.5 కిలోల ఆవు పేడ, 2.5 లీటర్ల మూత్రం, అరకిలో బెల్లం, అరకిలో పప్పుల పిండి, గట్టు మట్టి గుప్పెడు. నీడన 48 గంటలు, రోజుకు రెండుసార్లు కలపాలి, వారంలోపు వాడేయాలి. ఇది నేలలోని జీవులకు ఊతం ఇస్తుంది, అంతే. 40 కిలోల ఎరువు చేసే పని చేయదు. పేడ నీళ్ళు కాబట్టి ఆకుకూరల ఆకులమీద ఎప్పుడూ పడనీయకండి. మొదట్లోనే, నేలకే పోయండి.

4. మడులు కట్టడం

మడి వెడల్పు 3.5 అడుగులు, దారి 1.5 అడుగులు, పొడవు 50 అడుగులు. మడి, దారి కలిపి 250 చదరపు అడుగులు. 32 మడులకు 8,000 పోగా మిగిలిన 2,900 చదరపు అడుగుల్లో గట్టు పంట, నారు పందిరి, ఎరువు దిబ్బ, తొట్టి, సరుకు శుభ్రం చేసుకునే చోటు. అన్ని మడులూ ఒకే కొలతలో ఉంటే డ్రిప్ పైపులు, వలలు, విత్తనాల లెక్క ఏ మడికైనా మారకుండా సరిపోతాయి.

వరస ఇదీ:

- వాలుకు అడ్డంగా తాడు పట్టి గుర్తులు పెట్టండి. వాలు వెంట కడితే సెప్టెంబరు, అక్టోబరు వానలకు మడి కొట్టుకుపోతుంది.
- గట్టి పొరను గునపంతోనో, పళ్ళ పారతోనో అడుగు లోతు పెళ్ళగించండి. మట్టిని తలకిందులు చేయకూడదు, పైది పైనే ఉండాలి.
- దారిలోని పై మట్టిని మడిమీదకు ఎత్తండి. వానాకాలం మడి ఎత్తు 8 అంగుళాలు, ఎండాకాలం 4 చాలు.
- 40 కిలోల ఎరువు, కిలో వేప పిండి చల్లి పై నాలుగు అంగుళాల్లో కలపండి.
- తడిపి వారం ఆగండి. మొలిచిన కలుపును చిన్న పారతో అంగుళం లోతుకు మించకుండా గీకేసి, అప్పుడు విత్తండి.

ఆ వారం ఆగడం చాలామందికి ఇష్టం ఉండదు. కానీ కొత్తిమీర, క్యారెట్ మడుల్లో కలుపు పనిని అది సగానికి పైగా తగ్గిస్తుంది. మడి కట్టాక దానిమీద కాలు పెట్టకూడదు. 3.5 అడుగుల వెడల్పు పెట్టింది రెండు వైపుల నుంచీ చేయి అందడానికే.

పొలం చుట్టూ రెండు సాళ్ళ మొక్కజొన్న, పంటకు మూడు వారాల ముందే. పక్క పొలం మందు గాలికి కొట్టుకు రాకుండా ఆపుతుంది, తెల్లదోమకు అడ్డుగోడ అవుతుంది.

5. వారం పట్టిక

చిన్న తోటలో పెద్ద పొరపాటు ఒకే రోజు మడి మొత్తం ఒకే కూర విత్తడం. తోటకూర మడి నిండా వేస్తే 30వ రోజున 80 నుంచి 100 కట్టలు ఒక్కసారి వస్తాయి. 12 ఇళ్ళు అన్ని తినవు. ఆ తర్వాత రెండు వారాలు అమ్మడానికి ఏమీ ఉండదు. వారానికి ఒక్క ఆకుకూర మడి విత్తండి, దాన్నీ మూడు ముక్కలు చేసి మూడు రకాలు వేయండి.

32 మడుల పంపకం ఇలా పెట్టుకోవచ్చు: ఆకుకూరలు 6, ముల్లంగి, బీట్‌రూట్, క్యారెట్ 5, బీన్స్, అలసంద, అనప 5, బెండ 4, టమాటా, వంగ, మిర్చి 6, తీగ జాతులు 4, విశ్రాంతి 2.

ఒక్కో 50 అడుగుల మడికి విత్తనం, రోజులు:

- తోటకూర: 15 గ్రాములు, పదింతల ఇసుకలో కలిపి. 25–30 రోజులు.
- పాలకూర: 60 గ్రాములు. మొదటి కోత 30–35 రోజులకు.
- కొత్తిమీర: 120 గ్రాములు. గింజను నేలమీద చెప్పుతో నలిపి రెండు బద్దలు చేసి 12 గంటలు నానబెట్టాలి. 40 రోజులు.
- ముల్లంగి: 20 గ్రాములు, నాలుగు వరసలు, 4 అంగుళాల ఎడం. 40 రోజులు.
- బీన్స్: 120 గ్రాములు, మూడు వరసలు, అరడుగు ఎడం. 45–50 రోజులకు మొదటి కోత.
- బెండ: 15 గ్రాములు, రెండు వరసలు, అడుగు ఎడం. 45 రోజులకు మొదలై 90 దాకా.
- టమాటా: రెండు వరసలైతే 2 అడుగుల ఎడంలో 50 మొక్కలు. నాటిన 70 రోజులకు కోత.

వానల్లో టమాటా రెండు వరసలు వద్దు. ఒక్క వరస, అడుగున్నర ఎడం, 33 మొక్కలు చాలు. గాలి ఆడకపోతే లేట్ బ్లైట్ అనే ఆకుమాడు తెగులు వారంలో మడిని నల్లగా మాడుస్తుంది.

రుతువు విషయంలో మొహమాటం పనికిరాదు. టమాటా నారు నవంబరులో వానలు తగ్గాక నాటితే అన్నిటికంటే తేలిక. ఫిబ్రవరి నుంచి మే వరకు తెల్లదోమ, ఆకుముడత. జూన్ నుంచి అక్టోబరు వరకు తెగుళ్ళు. క్యారెట్‌కు సెప్టెంబరు నుంచి జనవరి. బెండ డిసెంబరు చలిలో కదలదు. కొత్తిమీర మార్చి దాటితే తొందరగా పూతకొస్తుంది, 50 శాతం నీడ వల కింద వేయాలి.

గోంగూర గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమంది అడిగేది అదే. "సెప్టెంబరులో వేశాం, జానెడు కూడా ఎదగకుండా మొగ్గలేసింది, విత్తనం మంచిది కాదా?" అని. విత్తనం తప్పు కాదు. పగలు కురచయ్యేకొద్దీ పూతకొచ్చే మొక్క అది. ఫిబ్రవరి చివర నుంచి జూలై దాకా విత్తినది ఆకు బాగా ఇస్తుంది. ఆగస్టు తర్వాత విత్తితే ఒత్తుగా చల్లి, 30 రోజులకే వేళ్ళతో పీకి కట్టలు కట్టేయాలి. కొమ్మలు కోసుకుంటూ పోదామనుకుంటే కుదరదు. ఆ నెలల్లో చుక్కకూర, బచ్చలి చేతిలో ఉంచుకోండి.

6. విత్తనం, నారు

గులాబీ రంగో నీలం రంగో పూసిన విత్తనం శిలీంద్రనాశిని పట్టించినది. సేంద్రియ మడిలోకి రాకూడదు. శుద్ధి చేయని విత్తనం కావాలని అడిగి తీసుకోండి. హెసరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ రకాలు ఇక్కడి వాతావరణానికి అలవాటు పడినవి: బెండలో అర్క అనామిక, టమాటాలో అర్క రక్షక్, వంగలో ఎండు తెగులు తట్టుకునే అర్క నిధి, బీన్స్‌లో అర్క కోమల్. అర్క రక్షక్ హైబ్రిడ్, దాని గింజ దాచి మళ్ళీ విత్తితే అదే మొక్క రాదు. గోంగూర, తోటకూర, అనప గింజలు మాత్రం మీరే కట్టుకోండి.

బయటి నర్సరీ నారు చవకే గానీ దానికి తెల్లదోమ మందు కొట్టకుండా అమ్మేవాళ్ళు అరుదు. సొంతంగా పెంచడం కష్టమేమీ కాదు:

- 98 గుంతల ట్రేలు, కొబ్బరి పొట్టు మూడు వంతులు, వర్మీకంపోస్టు ఒక వంతు. కొబ్బరి పొట్టును మూడుసార్లు కడిగి ఉప్పు తీయాలి.
- గుంతకు ఒక గింజ, అర సెంటీమీటరు లోతు.
- ట్రేలు ఒకదానిమీద ఒకటి పేర్చి కప్పండి. టమాటా 5–6 రోజులకు మొలకెత్తుతుంది. తల కనిపించిన రోజే విడదీయాలి. ఒక్క రోజు ఆలస్యమైతే మొలకలు తెల్లగా సాగిపోతాయి.
- 40 మెష్ నైలాన్ వల పందిరి. పొద్దున ఒక్కసారే నీళ్ళు. సాయంత్రం తడి నారుకుళ్ళుకు దారి.
- నాటే ముందు వారం నీళ్ళు తగ్గించి, ఎండ చూపించి గట్టిపరచండి. టమాటాకు 25–30 రోజులు, మిర్చికి 35–40.

నాటడం సాయంత్రం నాలుగు తర్వాతే.

7. తడి, మల్చింగ్, కలుపు

మడికి రెండు 16 మిల్లీమీటర్ల లేటరళ్ళు (మడి పొడవునా పరిచే డ్రిప్ పైపులు), అడుగుకో రంధ్రం, రంధ్రానికి గంటకు 2 లీటర్లు. రెండు పైపులకు కలిపి నూరు రంధ్రాలు, గంటకు 200 లీటర్లు. 90 లీటర్లు కావాలంటే 27 నిమిషాలు. ఎండాకాలం పొద్దున, సాయంత్రం చెరిసగం. ఆకుకూర మడులకు మూడో పైపు వేయకపోతే మధ్యలో బారుగా ఎండు చారలు వస్తాయి. వడపోత డిస్కులను వారానికోసారి కడిగి, లేటరల్ చివరలు విప్పి మురికి వదిలేయాలి.

గడియారాన్ని నమ్మి నీళ్ళు వదలొద్దు. నాలుగు అంగుళాల లోతు మట్టి తీసి పిడికిట పట్టండి. ముద్దయి, తాకితే విడిపోతే తడి సరిపోయింది.

నాటిన మడులకు రెండు మూడు అంగుళాల మందాన రాగి గడ్డో, ఎండాకో పరచండి. కాడల చుట్టూ రెండు అంగుళాలు ఖాళీ వదలాలి. ఎర్ర నేల వాన దెబ్బకు పైన అట్టకడుతుంది, కప్పు ఉంటే ఆ బాధ ఉండదు. ప్లాస్టిక్ కలిసిన నగరం చెత్తాకు ఎంత ఉచితంగా వచ్చినా వద్దు.

కలుపు రెండాకుల మీద ఉన్నప్పుడు గీకితే మడికి పావుగంట. జానెడు ఎత్తయ్యాక పీకితే సగం పూట.

8. పురుగులు, తెగుళ్ళు

వారానికి రెండుసార్లు, పొద్దున, ఆకుల అడుగు భాగం చూస్తూ తోటంతా తిరగడమే అసలు మందు. కషాయాలు ఆ తర్వాత.

*టమాటా, వంగ నిలువునా వాడిపోతే.* ఆకులు పచ్చగా ఉండగానే మొక్క ఒక్క రోజులో తల వాల్చేస్తే మొదట్లో కాడను కోసి, శుభ్రమైన నీళ్ళున్న గాజు గ్లాసులో కోసిన కొస మునిగేలా కదలకుండా పట్టుకోండి. రెండు మూడు నిమిషాల్లో ఆ కొస నుంచి పాల దారాల్లాంటి తెల్లటి పోగులు కిందికి జారితే అది బాక్టీరియా ఎండు తెగులు. దానికి మందు లేదు. మొక్కను చుట్టూ మట్టితో సహా తీసి పొలం బయట కాల్చేయండి, దిబ్బలో వేయకండి. పనిముట్లు కడగండి. ఆ మడిలో టమాటా, వంగ, మిర్చి, బంగాళాదుంప రెండు మూడేళ్ళు వద్దు. పోగులు రాకపోతే వేరు చూడండి.

*వేళ్ళమీద బుడిపెలు ఉంటే* నులిపురుగులు. చిక్కుడు జాతి వేళ్ళమీద ఉండే బుడిపెలు గోటితో తీస్తే ఊడి వస్తాయి, లోపల ఎర్రగా ఉంటాయి, అవి మేలు చేసేవి. నులిపురుగు బుడిపె వేరులోనే ఉబ్బి ఉంటుంది, ఊడదు. ఆ మడిలో వేళ్ళన్నీ ఏరి తీసేసి రెండు మూడు నెలలు ఒత్తుగా బంతి వేయండి. దసరా, దీపావళికి పూలు కోతకొచ్చేలా జూలైలో నాటితే మడి ఖాళీగా పోయినట్టూ ఉండదు.

*వంగ కొమ్మ, కాయ తొలుచు పురుగు.* వాలిన చిగురును పురుగున్న చోటుకు అంగుళం కింద తుంచి నీళ్ళ బకెట్లో వేయడం వారం తప్పకూడదు. దానికి తోడు మూడు నాలుగు లింగాకర్షక బుట్టలు. ఎర గుళిక ఏ పురుగుదో చూసి కొనండి. వంగ పురుగు గుళిక టమాటా ఆకు తొలిచే ట్యూటా పురుగును రప్పించదు. బీర, కాకరలకు పండు ఈగ బుట్టలు వేరు, వాటికి క్యూ-ల్యూర్ గుళిక కావాలి. గుళికలు నెల దాటితే మార్చాలి.

*క్యాబేజీలో డైమండ్ రెక్కల పురుగు.* ఎర పంటగా ఆవాలు. ఒక విడత క్యాబేజీ నాటడానికి 15 రోజుల ముందు, రెండోది నాటిన 25 రోజులకు. పురుగులు ఎక్కువగా ఆవాలమీదే గుడ్లు పెడతాయి, వేపగింజల కషాయం ముందు దానిమీద కొట్టండి.

*పేనుబంక, తెల్లదోమ, లేత పురుగులకు* 5 శాతం వేపగింజల కషాయం. అరకిలో వేపగింజల పప్పు దంచి, గుడ్డలో మూటకట్టి రాత్రంతా నీళ్ళలో నానేయండి. పొద్దున పిండి, వడకట్టి, 10 లీటర్లు చేసి, 10 గ్రాముల సబ్బు కరిగించి, సాయంత్రం ఆకుల అడుగు తడిసేలా కొట్టాలి. ఎండలో కొడితే పని చేయదు, మర్నాటికి దాస్తే బలం పోతుంది.

*లేట్ బ్లైట్.* ముసురు పట్టిన చల్లటి రోజుల్లో ఆకుల అంచున తడిసినట్టుండే గోధుమ మచ్చలు. నేల నుంచి ఒక అడుగు ఎత్తుదాకా ఆకులు తీసేయాలి, మొక్కను కర్రకు కట్టాలి, పైనుంచి నీళ్ళు పడకూడదు. ముసురుకు ముందే ఒక శాతం బోర్డో మిశ్రమం (మైలుతుత్తం, సున్నం కలిపినది) కొట్టొచ్చు. అందులో రాగి ఉంటుంది, నేలలో పేరుకుపోతుంది. అందుకే వాడిన ప్రతిసారీ పుస్తకంలో రాయండి.

9. కోత, కట్ట, బండి

ఆకుకూర తెల్లవారకముందే కోయాలి. ఎండ తగిలాక కోసిన ఆకులో ఉన్న వేడి ఎన్ని నీళ్ళు చల్లినా తొందరగా దిగదు. కోసిన పావుగంటలో నీడకు చేర్చి, తాగడానికి పనికొచ్చే నీళ్ళలో ముంచి, జాడించి, తడి గోనె కింద ఉంచండి. బెండ, బీన్స్, మిర్చి కడగకూడదు, తడిస్తే మచ్చపడతాయి. టమాటా రంగు తిరిగినప్పుడు కోస్తే నగరం ట్రాఫిక్‌లో నలగదు.

బెండ, బీర రోజు విడిచి రోజు కోయాల్సిందే. ఒక్క ముదురు కాయ మొక్కమీద ఉన్నా కొత్త పూత తగ్గిపోతుంది. అమ్మకం లేకపోయినా కోయండి.

10. పుస్తకం, ధ్రువపత్రం

మడికో పేజీ. ఏం వేశారు, ఎప్పుడు, విత్తనం ఎక్కడిది, ఎరువు ఎంత, ఏం కొట్టారు, ఎన్ని కిలోలు వచ్చాయి. పంట మార్పిడికీ, తనిఖీకీ ఇదే ఆధారం.

పీజీఎస్-ఇండియా (రైతులే ఒకరికొకరు హామీగా ఉండే ప్రభుత్వ సేంద్రియ ధ్రువీకరణ పద్ధతి) చిన్న రైతుకు అందుబాటులో ఉన్న దారి. చుట్టుపక్కల కనీసం ఐదుగురు రైతులు గుంపుగా చేరి ఒకరి పొలం ఒకరు తనిఖీ చేసుకుంటారు. మార్పిడి కాలంలో పీజీఎస్-గ్రీన్, అది పూర్తయ్యాక పీజీఎస్-ఆర్గానిక్ గుర్తు వస్తుంది. ఏడాది అమ్మకం 12 లక్షల రూపాయలు దాటని రైతు తినేవాళ్ళకే నేరుగా అమ్మితే ఆహార భద్రతా సంస్థ నిబంధనల ప్రకారం ధ్రువపత్రం తప్పనిసరి కాదు. అయితే జైవిక్ భారత్ లాంటి సేంద్రియ ధ్రువీకరణ గుర్తు మాత్రం వేసుకోకూడదు. దుకాణానికి ఇచ్చే రోజు నుంచి పత్రం కావాలి.

11. మడి ఖాళీ అయిన రోజు

మడి ఖాళీగా ఉన్న ప్రతి వారం కలుపుకు లాభం. చివరి కోత రోజే ఈ పనులు పూర్తి చేయండి:

- జబ్బు లేని మొక్కలను నేల మట్టానికి కోసి, వేళ్ళు లోపలే వదలండి. చివికిన వేరు దారుల్లోనే తర్వాతి పంట వేరు, నీరు దిగుతాయి. నులిపురుగు, ఎండు తెగులు ఉన్న మడుల్లో మాత్రం వేళ్ళతో సహా తీసేయాలి.
- 12 కిలోల ఎరువు పైన చల్లి దంతెతో కలపండి. మళ్ళీ తవ్వకండి.
- పుస్తకం తీసి కిందటి పంట ఏ జాతిదో చూడండి. టమాటా, వంగ తర్వాత చిక్కుడు జాతి, దాని తర్వాత ఆకుకూర, ఆపైన దుంప జాతి.
- మూడు రోజుల్లోపు విత్తండి లేదా నారు నాటండి.
- విత్తడానికి ఏమీ సిద్ధంగా లేకపోతే, లేదా ఆ మడి వంతు విశ్రాంతి అయితే, 100 గ్రాముల జనుము చల్లండి. 45 రోజులకు, పూత రాకముందే, కాడ గోటితో తుంచితే తెగే లేతదనంలో కోసి అక్కడే పరిచేయండి. రెండు వారాలు ఆగి దానిలోనే నారు నాటుకోవచ్చు.